బండి వెళ్ళని వీధులు

మూడు క్యాన్ల మంచినీళ్ళూ పెరట్లో పారబోసి ప్రొఫెసరమ్మ లోపలికి వచ్చేసరికి, వంటింటి గుమ్మంలో మరదలు నిలబడి ఉంది. ఖాళీ క్యాన్ల వంక చూసింది, వదిన తడిసిన కాళ్ళ వంక చూసింది, వచ్చిన దారినే మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

ఆ మెట్ల చప్పుడు ఎక్కడికి పోతుందో ప్రొఫెసరమ్మకు తెలుసు. ఇంకో రెండు నిమిషాల్లో తమ్ముడు దిగుతాడు.

తమ్ముడి కంటే ముందు అమ్మ గొంతు వచ్చింది, ముందుగదిలోంచి. అమ్మ వాచిన కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. కిడ్నీలు సగం పని మానేశాయని డాక్టరు చెప్పి వారం అయింది. ఆ కబురు విన్నప్పుడు కూడా పెద్దావిడకి ఇంత కోపం రాలేదు.

"పొద్దున్నే ఆ పారబోత ఏమిటే? నా కొడుకు పంపిన నీళ్ళు నీకేం అపకారం చేశాయి?"

ప్లాస్టిక్ వాసన వస్తోందని కూతురు చెప్పింది. అబద్ధం చెప్పడం కూడా ఒక విద్యే. ఇరవై ఆరేళ్ళు యూనివర్సిటీలో భూగోళం పాఠాలు చెప్పినా ప్రొఫెసరమ్మకు అది అబ్బలేదు. పదకొండేళ్ళుగా రాని వాసన ఇవాళే వచ్చిందా అని అమ్మ అడిగింది. కూతురు కుళాయి నీళ్ళు కాచి, చల్లార్చి, గ్లాసులో పోసి తెచ్చి ఇస్తే ముట్టుకోలేదు. తాగితే కొడుకు ప్లాంటు నీళ్ళే తాగుతాను, లేకపోతే దాహంతోనే ఉంటానంది. అన్నంత పనీ చేసే మనిషి కూడాను.

ఇంతలో తమ్ముడు దిగాడు.

నలభై రెండేళ్ళొచ్చినా వీధిలో వాళ్ళకి ఇంకా 'నీళ్ళబ్బాయే'. ఊళ్ళో సగం ఇళ్ళకి మంచినీళ్ళ క్యాన్లు వేసేది అతనే. అరుస్తాడనుకుంది. అరవలేదు. ముందుగది తలుపు నెమ్మదిగా దగ్గరకి వేసి, అమ్మకి వినపడదని రూఢి చేసుకుని, వంటింట్లో గట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. నిన్న యూనివర్సిటీ నుంచి వచ్చినప్పటినుంచీ నువ్వు నాతో మాట్లాడలేదు, అసలు అక్కడ ఏం జరిగిందో చెప్పమన్నాడు.

చెప్పింది. చెప్పక తప్పేలా లేదు.

భూగోళశాఖలో ఒక అధ్యాపక ఉద్యోగం ఖాళీగా ఉంది. జనం ఆరోగ్యం, ఊరి సుస్థిరత, ఈ రెండూ కలిపి పరిశోధన చేసే మనిషి కావాలి. ఎంపిక కమిటీకి ప్రొఫెసరమ్మే పెద్ద. వందమందిలోంచి ముగ్గురు చివరిదాకా వచ్చారు. ఆ ముగ్గురికీ శాఖలో ఎప్పటినుంచో ఉన్న పరీక్ష ఒకటి పెట్టారు. పది రోజుల ముందు ఈ ఊరి పటం ఇస్తారు. అందులో వీధులు తప్ప ఇంకేమీ ఉండవు. ఈ ఊళ్ళో నీకు కనిపించిన ప్రశ్న ఒకటి దీని మీద గీసుకుని రా అంటారు. ఇంతే పరీక్ష. ఇది పాతకాలపు తంతు, ఇక మానేద్దామని డీన్ అంటే, మానడానికి వీల్లేదని పట్టుబట్టింది కూడా ప్రొఫెసరమ్మే.

మొదటి అభ్యర్థి హోటలు గది దాటకుండానే, ఉపగ్రహం తీసిన ఫోటోలు చూసి ఏ వీధిలో ఎంత వేడో రంగులు వేసుకొచ్చాడు. రెండో ఆయన పార్కులూ చెట్లూ చక్కటి ఆకుపచ్చలో గీసుకొచ్చాడు. గోడకి తగిలించుకోవాలనిపించేంత బాగుంది ఆ పటం.

మూడో అభ్యర్థి ఒక అమ్మాయి, పది రోజులూ నడిచింది. మందుల షాపుల దగ్గర, ఆసుపత్రి బల్లల మీద, ఇళ్ళ గుమ్మాల్లో కూర్చుని అడిగింది. కిడ్నీ జబ్బున్న మనిషి ఎక్కడ కనిపిస్తే అక్కడ ఒక ఎర్ర చుక్క పెట్టింది. పేర్లు లేవు, ఇంటి నంబర్లు లేవు, రెండు వందల పన్నెండు చుక్కలు మాత్రం ఉన్నాయి. ఎక్కువమందికి జబ్బు మొదలై మూడేళ్ళు దాటలేదని చెప్పింది.

చుక్కలన్నీ కలిపి చూస్తే వంకర్లు తిరిగిన దారి ఒకటి కనిపిస్తుంది. ఊరి నడిమధ్యన మాత్రం ఏమీ లేదు. అవి కూరగాయల మార్కెట్టు వెనక ఇరుకు వీధులు. ఊళ్ళోకల్లా బీదవాళ్ళు ఉండేది అక్కడే, వాన పడితే మురుగు ఇళ్ళలోకి వచ్చేదీ అక్కడే. జబ్బులంటూ ఉంటే ముందు అక్కడే ఉండాలి. ఒక్క చుక్క కూడా లేదు. మురుగుకాలవల పటంతో పోల్చాను, కుళాయి పైపుల పటంతో పోల్చాను, దేనితోనూ కలవలేదు, ఉద్యోగం ఇస్తే మొదటి ఏడాది ఈ ఖాళీ ఎందుకో కనుక్కోవడమే నా పని అంది ఆ అమ్మాయి.

గదిలో అందరూ ఆ ఖాళీని చూశారు. ప్రొఫెసరమ్మ ఒక్కతే దాన్ని గుర్తుపట్టింది.

పదకొండేళ్ళ కిందట, తమ్ముడు చేతిలో పనేమీ లేక ఒక పాత వ్యాను కొనుక్కుని దిక్కులు చూస్తున్న రోజుల్లో, వ్యాను ఏ వీధినుంచి ఏ వీధికి వెళ్ళాలో ఈ ఇంట్లోనే కూర్చుని గీసి ఇచ్చింది తనే. వెనక్కి తిరగాల్సిన పని లేకుండా, ఒక్క వీధిలోకి రెండుసార్లు వెళ్ళకుండా, మూడు సాయంత్రాలు కూర్చుని గీసింది. మార్కెట్టు వెనక సందుల్లో బండి తిరగదు కాబట్టి వాటిని వదిలేసింది. ఆ సందుల్లో జనం ఈనాటికీ కుళాయి నీళ్ళే కాచుకుని తాగుతున్నారు.

అంతా విని తమ్ముడు నవ్వాడు. ఊళ్ళో జబ్బులన్నిటికీ నా నీళ్ళే దొరికాయా అన్నాడు.

"దారి ఏమైనా మార్చావా?" అని అడిగింది అక్క.

"ఎందుకు మారుస్తాను? నువ్వు గీసిన దారే. పదకొండేళ్ళలో ఒక్క మలుపు మార్చలేదు." గర్వంగానే అన్నాడు.

"ప్లాంటు పాత బోరు ఎండిపోయి ఎన్నాళ్ళయింది?"

తమ్ముడు కిటికీ గొళ్ళెం వైపు చూస్తూ ఉండిపోయాడు. మరదలు ఎప్పుడు దిగి వచ్చిందో, మెట్ల దగ్గరనుంచి చెప్పింది.

"నాలుగేళ్ళయింది, వదినా. కొత్త బోరు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే షెడ్ల వెనక వేశారు."

అతను భార్య వైపు తిరిగి చూశాడు. ఆమె ఆరిన బట్టలు మడత పెడుతూనే ఉంది.

అతను, నీళ్ళు శుభ్రం చేసే మిషను ఉంది కదా అన్నాడు. దాని ఫిల్టర్లు మార్చి ఎన్నాళ్ళయిందని అక్క అడిగింది. మౌనం అర్ధాంగీకారం అంటారు. అక్కడ అర్ధం కాదు, పూర్తిగానే ఒప్పుకున్నట్టు ఉంది.

"ఈ సంగతి మన ముగ్గురికీ తప్ప ఇంకెవరికి తెలుసు?" అన్నాడు తమ్ముడు.

ఎంతమంది జబ్బుపడ్డారని అతను అడగలేదు. వాళ్ళలో చిన్నపిల్లలున్నారా అని అడగలేదు. చిటికెన వేలు పట్టుకుని నడిపించిన తమ్ముణ్ణి చూసి ప్రొఫెసరమ్మకి జీవితంలో మొదటిసారి భయం వేసింది.

ఆ తర్వాత అతను చాలా మెత్తగా మాట్లాడాడు. మూడు నెలలు గడువు ఇవ్వమన్నాడు. ఆ బోరు మూసేస్తానన్నాడు, కొత్తది తవ్విస్తానన్నాడు, మిషను మార్చేస్తానన్నాడు. మూడో అమ్మాయిది ఈ ఊరు కాదు, ఉద్యోగం రాకపోతే పటం చుట్ట చుట్టుకుని వెళ్ళిపోతుంది. కమిటీకి పెద్దవి నువ్వే కదా అన్నాడు. ఆఖరున ఇంకో మాట కూడా అన్నాడు.

"దారి గీసింది నువ్వు, అక్కా. వీధిన పడితే ఇద్దరం పడతాం."

కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుంది. ఆ మాట తమ్ముడు అననక్కర్లేదు. ఆమెకే తట్టింది.

అమ్మకి మాత్రం ఏమీ చెప్పవద్దనుకున్నారు. కొడుకు నీళ్ళే తనని ఇలా చేశాయంటే ఆవిడ తట్టుకోలేదు. ఆ పొద్దున ఆ ఇంట్లో ముగ్గురూ ఒప్పుకున్న సంగతి అదొక్కటే.

*

కమిటీ పదకొండింటికి కూర్చుంది. నలుగురే మనుషులు. డీన్, వైద్య కళాశాల నుంచి వచ్చిన డాక్టరు, ప్రొఫెసరమ్మ, శాఖ స్థాపించిన పెద్దాయన. ఆయన రిటైరై పన్నెండేళ్ళయినా ఇలాంటి ఎంపికలకి పిలవకపోతే నొచ్చుకుంటాడని పిలుస్తారు. పిలిస్తే అందరినీ నొప్పించి వెళ్తాడు.

డీన్ రెండో ఆయన పక్షం. ఆయనకి పెద్ద పెద్ద సంస్థలతో పరిచయాలున్నాయి, ఆ ఆకుపచ్చ పటం యూనివర్సిటీ పత్రికలో వేసుకోవచ్చు. పెద్దాయన మూడో అమ్మాయి పక్షం. పది రోజులు నడిచింది, పాఠం చెప్పడానికి ఇంకేం కావాలి అన్నాడు. మొదటివాడి ఊసు ఎవరూ ఎత్తలేదు. ఫొటోల్లో ఊరు చూసినవాడికి ఫొటోలోనే ఉద్యోగం ఇస్తే సరి అని పెద్దాయన గొణిగితే డాక్టరు నవ్వాపుకోలేకపోయాడు.

ప్రొఫెసరమ్మ నవ్వలేదు. అభ్యర్థులెవరితోనూ తనకి బంధుత్వం లేదని కిందటి నెల సంతకం పెట్టిన కాగితం ఫైల్లో పైనే ఉంది. అందులో అబద్ధం లేదు. అభ్యర్థి గీసిన పటంతో బంధుత్వం ఉందా అని ఆ కాగితం అడగలేదు.

డాక్టరు ఎటూ తేల్చుకోలేకపోయాడు. అడిగి తెలుసుకున్న జబ్బులు కాబట్టి సగం పొరపాటు కావచ్చునన్నాడు. కానీ ఆ ఆకారం తనని వదలడం లేదన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ప్రొఫెసరమ్మ వైపు తిరిగాడు.

"మేడమ్, ఈ ఊరి వీధులు మీకు తెలిసినంతగా ఎవరికీ తెలీవు. ఈ ఆకారంలో ఊళ్ళో ఇంకేదైనా ఉందా? ఉందంటే ఈ అమ్మాయికే నా ఓటు. లేదంటే ఇది ఊరికే అలా కుదిరిందనుకుంటాను."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మూడు నెలలు, అనుకుంది ప్రొఫెసరమ్మ. మూడు నెలల్లో బోరు మూతపడుతుంది, జనం ఎలాగూ బాగుపడతారు, తెలివైన పిల్ల కాబట్టి ఇంకెక్కడో ఉద్యోగం వస్తుంది. ఇంత చక్కగా సమాధానం చెప్పుకోవడం తనకి ఎప్పుడు వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"లేదండీ. నాకు తెలిసి ఏమీ లేదు."

అంతే. డీన్ ముఖం విప్పారింది. ఉద్యోగం రెండో ఆయనకి వెళ్ళింది. మూడో అమ్మాయి కాగితం మీద 'పటంలోని ఖాళీకి కారణం చూపలేకపోయారు' అని రాసుకున్నారు. ఆ వాక్యం కింద మొదటి సంతకం ప్రొఫెసరమ్మది.

పెద్దాయన సంతకం పెట్టలేదు. వరండాలో ఆమె కోసం ఆగాడు. ఒకప్పుడు ఆమెకి పెన్సిలు పట్టుకోవడం నేర్పిన మాస్టారు ఆయనే.

"నీ ఇంటర్వ్యూకి నువ్వు తెచ్చిన పటం నాకింకా గుర్తుంది. అందులోనూ ఒక ఖాళీ ఉంది. ఎందుకని అడిగితే, తెలీదు సార్, వెళ్ళి చూడాలి అన్నావు. ఆ మాటకే నిన్ను తీసుకున్నాం."

ఆమె ఏదో అనబోయింది. ఆయన వినడానికి ఆగలేదు. మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయాడు.

*

అయిదింటికి నడిచే ఇంటికి బయల్దేరింది. టైలరు షాపు మలుపులో తమ్ముడి వ్యాను ఆగి ఉంది. డ్రైవరు ఆమెని చూసి నమస్కారం పెట్టి, రెండు క్యాన్లు దింపి, లోపలికి మోసుకెళ్ళాడు. టైలరు భార్యకి ఎనిమిదో నెల. గుమ్మంలో నిలబడి, నిండు క్యాను ఎక్కడ పెట్టాలో చేత్తో చూపిస్తోంది.

ప్రొఫెసరమ్మ అక్కడే నిలబడి తమ్ముడికి ఫోన్ చేసింది. బండి ఇంకా ఎందుకు తిరుగుతోందని అడిగింది.

"ఒక్కసారిగా ఆపేస్తే జనం ఎందుకని అడుగుతారు కదక్కా. కొత్త బోరు పడేదాకా నడవనీ."

మూడు నెలలంటే మూడు నెలలూ ఈ నీళ్ళే. అది ఆమెకి పొద్దున తట్టలేదు. తట్టనివ్వలేదు. టైలరు ఇంట్లోకి వెళ్ళి ఆ క్యాను ముట్టుకోవద్దని చెప్పాలనుకుంది. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? రెండడుగులు వేసి ఆగిపోయింది. టైలరు భార్య లోపలనుంచి, బాగున్నారా ప్రొఫెసరమ్మా అని పలకరించింది. బాగున్నానని చెప్పి వచ్చేసింది. తనమీద తనకే అసహ్యం వేసింది.

ఇంటి గేటు తీస్తూండగానే అమ్మ గొంతు వినపడింది. ఈ మధ్య నెలల్లో అమ్మ ఇంత హుషారుగా మాట్లాడటం వినలేదు. గుమ్మం దగ్గర దుమ్ము కొట్టుకుపోయిన గుడ్డ బూట్లు ఒక జత ఉన్నాయి. అవి ఈ ఇంట్లోవాళ్ళవి కావు.

"అక్కణ్ణుంచి స్కూలు గోడ చుట్టూ తిరిగి, టైలరు దగ్గర ఎడమకి మళ్ళేవాడు. మొదటి ఏడాది నేనూ ముందు సీట్లో కూర్చుని వెళ్ళేదాన్ని కదా, నాకు తెలీని వీధి లేదు. ఆ తర్వాత పోస్టాఫీసు."

లోపల కిటికీ పక్కన, అమ్మ కుర్చీకి ఎదురుగా, మూడో అమ్మాయి నేలమీద కూర్చుని ఉంది. ఒళ్ళో పటం పరుచుకుని, అమ్మ చెప్పిన వీధల్లా పెన్సిల్‌తో గీస్తోంది. పెన్సిలు గీత ఒక ఎర్ర చుక్కనుంచి ఇంకో ఎర్ర చుక్కకి, దాన్నుంచి ఇంకో దానికి నింపాదిగా సాగిపోతోంది. ఆ అమ్మాయి పక్కన సగం తాగిన నీళ్ళ గ్లాసు ఉంది. అమ్మ పొద్దున పట్టిన పంతం నెగ్గించుకుంది. మరదలు పైనుంచి తెచ్చిపెట్టిన క్యాను గోడవారన ఉంది.

ప్రొఫెసరమ్మని చూసి ఆ అమ్మాయి గబుక్కున లేచి నిలబడింది.

"ఇది మీ ఇల్లని తెలీదు, మేడమ్. ఉద్యోగం సంగతి డీన్ గారు నాలుగింటికి ఫోన్ చేసి చెప్పారు. దానికోసం రాలేదు. ఈ వీధి ఒక్కటి మిగిలిపోయింది, పూర్తి చేసి వెళ్దామని వచ్చాను."

కాళ్ళ వాపు ఎన్నాళ్ళనుంచని అడిగితే మామ్మగారు అన్నీ చెప్పారంది. ఏం తింటారు, ఏం తాగుతారు అని అడిగితే, నా కొడుకు నీళ్ళు తప్ప ఇంకేవీ తాగను అన్నారంది. ఆ నీళ్ళు ఎక్కడెక్కడికి వెళ్తాయని అడిగానంది. చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి గొంతులో నింద లేదు. ఒక పక్క భయమూ ఒక పక్క మర్యాదా ఉన్నాయి. ఆ మర్యాదే ప్రొఫెసరమ్మకి గుచ్చుకుంది.

మెట్ల మీద మరదలు నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి వింటోందో తెలియదు. పెద్దావిణ్ణి ఆపాలని ఆమెకి అనిపించలేదో, అనిపించినా ఆపలేదో.

"మార్కెట్టు వెనక వీధుల్లోకి బండి ఎందుకు వెళ్ళదో మామ్మగారికి గుర్తు లేదట. దారి గీసినవాళ్ళని అడగమన్నారు. వాళ్ళెవరని అడుగుతుంటేనే మీరు వచ్చారు." ఆ అమ్మాయి పటం వైపు చూసింది, మళ్ళీ ప్రొఫెసరమ్మ వైపు చూసింది. "మీకేమైనా తెలుసా, మేడమ్?"

అమ్మ ముఖం సంతోషంతో వెలిగిపోయింది. ఇద్దరు పిల్లలూ ప్రయోజకులైన తల్లి ముఖం అది.

"చెప్పవే. ఈ పిల్ల దగ్గర సిగ్గెందుకు? గీసింది నువ్వేగా."